పొయ్యి మీది, పుణ్యం మాది

2025 జూలైలో ఘానా నుంచి స్విట్జర్లాండ్‌కు 11,733 టన్నుల సరుకు వెళ్ళింది. టెమా రేవులో ఓడ కదల్లేదు, క్రేను లేవలేదు, ఒక్క హమాలీ చొక్కా తడవలేదు. సరుకు పేరు పొగ. పొయ్యిలోంచి వచ్చిన పొగ అనుకునేరు, రాకుండా ఆగిన పొగ. లెక్కలవాళ్ళు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అంటారు, మనం పొగ అనే అనుకుందాం. ఆ లేని పొగను తూకం వేసి, రసీదు రాసి, పారిస్ వాతావరణ ఒప్పందం కింద ఒక దేశం పద్దులోంచి ఇంకో దేశం పద్దులోకి మార్చిన మొదటి ఆఫ్రికా దేశంగా ఘానా చరిత్రకెక్కింది.

అభివృద్ధి సహకారం అనే శాస్త్రం ఇంత ఎత్తుకు ఎదిగినా మన తెలుగువాళ్ళు దాని గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడుకోకపోవడం నాకు చాలా వెలితిగా ఉంది. మనకు స్విట్జర్లాండ్ అంటే డ్యూయెట్లు తీసే చోటు. హీరోయిన్ పల్చటి చీరలో వణుకుతుంటే హీరో ఉన్ని కోటు వేసుకుని ఆమె అందాన్ని పొగిడే చోటు. ఆ మంచు కొండల వెనక ఇంత పరోపకారం జరుగుతోందని ఏ కెమెరామనూ మనకు చూపించలేదు.

సంగతి ఏమిటంటే, 1990తో పోలిస్తే తన కాలుష్య వాయువుల్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తానని స్విట్జర్లాండ్ లోకానికి మాటిచ్చింది. మాటివ్వడానికి ఖర్చు లేదు. నిజంగా తగ్గించాలంటే మాత్రం కార్లు తగ్గించాలి, పాత ఇళ్ళలో చమురు మండించే హీటర్లు పీకించాలి, విమానం టికెట్ల మీద పన్ను వేయాలి. ఓటర్లకు కోపం వస్తుంది. అక్కడ చీటికీ మాటికీ రెఫరెండం ఒకటి. 2021 జూన్‌లో కార్బన్ చట్టాన్ని కాస్త బిగిద్దామని ప్రభుత్వం అడిగితే జనం ఓటేసి మరీ వద్దన్నారు. ఘానా పల్లెల్లో బంకు అనే పిండిముద్ద వండుకునే ఆడవాళ్ళకు స్విస్ రెఫరెండంలో ఓటు లేదు. కాబట్టి తగ్గించే పని అక్కడ మొదలుపెట్టడమే ప్రజాస్వామ్యానికి క్షేమమని తేలింది.

2020 నవంబర్ 23న రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. కరోనా కాలం కనుక వీడియోలోనే కానిచ్చారు. పద్ధతి ఇది. స్విట్జర్లాండ్‌లో పెట్రోలు, డీజిలు దిగుమతి చేసేవాళ్ళు తమ ఇంధనం వదిలే పొగలో కొంత భాగానికి ఎక్కడో ఒకచోట బదులు చూపించాలి. ఆ ఖర్చు కోసం లీటరుకు 5 రాపెన్‌ల దాకా వాహనదారుల దగ్గర వసూలు చేసుకోవచ్చు. మన డబ్బులో ఓ ఐదు రూపాయలు. ఆ నిధిని ఒక ఫౌండేషన్ చేతిలో పెడితే అది ఘానాలో మూడు రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మను వెతికి పట్టుకుని, తక్కువ కట్టెలతో మండే కొత్త పొయ్యి చవకగా అందేలా చూస్తుంది. ఆమె కట్టెలు మిగులుతాయి, ఆ మిగులు టన్నులై జెనీవా రోడ్ల మీద కారు నడిపే మనిషి పేరున జమ అవుతుంది. ఆయన ఇక నిశ్చింతగా గేరు మార్చుకోవచ్చు.

పొయ్యి మంచిదే. వెటకారంగా అనడం లేదు. కట్టెల పొగకు కళ్ళు మండి, దగ్గి, నడుం వంచి ఊదే బాధ తెలిసిన ఏ ఇంట్లోనూ దాన్ని తిట్టరు. అయినా ఈ ఏర్పాటులో నేను ముగ్ధుడైపోయింది పొయ్యికి కాదు, పద్దుకి.

ఏకాదశి నాడు మీరు ఉపవాసం ఉండాలనుకున్నారు. ఆకలికి తట్టుకోలేరు. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఎలాగూ ఒంటిపూట తింటుంది. ఆమె చేతిలో పది రూపాయలు పెట్టి, ఆ ఒక్క పూట కూడా మానేయమని, ఆ పుణ్యం మీ పేరున రాయమని చిత్రగుప్తుడికి అర్జీ పెట్టారు. చిత్రగుప్తుడు బుద్ధిమంతుడు, ఒకే ఉపవాసాన్ని ఇద్దరికి రాయడు. కనుక మీ పేజీలో ‘ఉపవాసం’ అని రాసి, ఆమె పేజీలో ‘భోజనం చేసింది’ అని రాస్తాడు. ఆ తర్వాత ఆమె తన సొంత పుణ్యం కోసం వేరే ఏకాదశి చూసుకోవాలి. కార్బన్ లెక్కల్లో ఈ రెండో రాతకు చాలా గౌరవనీయమైన పేరే ఉంది, తత్సమాన సవరణ. పొగ తగ్గింది ఘానాలో. లెక్కలో తగ్గింది స్విట్జర్లాండ్‌లో. ఘానా తన పద్దులో ఆ పొగ ఇంకా లేస్తూనే ఉన్నట్టు కలుపుకోవాలి. తేలిగ్గా తగ్గేది అమ్మేశాక, పారిస్‌లో తానిచ్చిన మాట నిలుపుకోవడానికి ఘానాకు కష్టంగా తగ్గేవే మిగులుతాయి. కష్టపడితేనే కదా సామర్థ్యం పెరిగేది! సామర్థ్య నిర్మాణం అనేది అభివృద్ధి సహకారంలో మొదటి పాఠం.

ఇందులో ఎవరు బాగా తింటున్నారు, ఎవరు ఒంటిపూట అని అడిగే చాదస్తులు ఉంటారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. ఘానాలో ఏడాదికి తలా ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ కూడా రాదు. స్విట్జర్లాండ్‌లో నాలుగు టన్నుల దాకా. బయటినుంచి కొని తెచ్చుకునే వస్తువుల పొగ కూడా కలిపితే అంతకు రెండు మూడు రెట్లు. తగ్గించే వీలు ఎవరి దగ్గర ఎక్కువ ఉందో మామూలు మనిషికైతే వెంటనే తోచేస్తుంది. నిపుణులు అంత తొందరపడరు.

స్విట్జర్లాండ్‌లోనే కొందరికి కడుపుమంట. అలియాన్స్ సూద్ అనే సంస్థ ఈ పొయ్యిల కాగితాలు తిరగేసి, తగ్గిన పొగను పెంచి చూపించారని గోల చేసింది. ఈ లెక్క ఎలా కడతారో చూస్తే ఆ గోల ఎందుకో తెలుస్తుంది. పొయ్యి ఇవ్వకపోతే ఆ ఇల్లాలు ఎన్ని కట్టెలు కాల్చి ఉండేదో ఊహించాలి. ఆ కట్టెల్లో మళ్ళీ చిగురించనివి ఎన్నో ఊహించాలి. కొత్త పొయ్యి వచ్చాక పాతది నిజంగా ఆర్పేసిందో లేదో ఊహించాలి. ఇంటినిండా చుట్టాలొచ్చి పెద్ద గిన్నె ఎక్కించాల్సిన రోజు చిన్న పొయ్యి పక్కన మూడు రాళ్ళు మళ్ళీ వెలుగుతాయని ఏ వంట మనిషిని అడిగినా చెబుతుంది. కానీ ఆమెను అడగడానికి సర్వే చేయాలి, సర్వేకు ప్రశ్నావళి కావాలి, ప్రశ్నావళికి కన్సల్టెంటు కావాలి. మూడు ఊహల్ని గుణిస్తే వచ్చిన సంఖ్య 11,733. నాకు ఆ చివరి 3 మీద అపారమైన గౌరవం. సున్నాలు పెట్టి ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

పొయ్యితో ఆగలేదు. 2022 నవంబర్‌లో ఈజిప్టు వాతావరణ సదస్సులో వరి పొలాల పథకం ఒకటి ప్రకటించారు. మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలవ పెట్టకుండా ఆరబెట్టి, మళ్ళీ తడపడం. మన వ్యవసాయ శాఖ వాళ్ళు ఆరుతడి అని చెప్పీ చెప్పీ అలిసిపోయిన పద్ధతే. అలా చేస్తే మీథేన్ తగ్గుతుంది. అందులో తగ్గినది స్విస్ ప్రభుత్వ యంత్రాంగం తన సొంత పొగకు బదులుగా చూపించుకోవడానికి. అంటే స్విస్ రాజధాని బెర్న్‌లో ఒక అధికారి విమానం ఎక్కితే ఘానాలో ఒక రైతు మడి ఆరబెడతాడు. గోదావరి జిల్లాల్లో ఆరుతడి చేస్తున్న మన రైతులు తమ మడి ఏ దేశపు అధికారి కోసం ఆరిందో ఇప్పటినుంచే కనుక్కుని పెట్టుకోవడం మంచిది.

ఇంత చేస్తున్న స్విట్జర్లాండ్ మీద నిందలు లేకపోలేదు. 2016లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ ఒక నివేదిక వేసింది. స్విట్జర్లాండ్‌లో ఆఫీసులు పెట్టుకున్న చమురు వ్యాపారులు యూరప్‌లో అమ్మడానికి వీల్లేని డీజిలును పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్నారని దాని ఆరోపణ. డీజిలులో గంధకం యూరప్‌లో పది లక్షల వంతుల్లో 10 దాటకూడదు. ఘానాలో అప్పటి హద్దు 3,000. వ్యాపారులు చట్టాన్ని మీరలేదు. చట్టం ఎక్కడ ఎంత విశాలంగా ఉందో చూసుకుని అక్కడికి అంత గంధకం పంపారు, అంతే. దీన్ని స్థానిక పరిస్థితులను గౌరవించడం అంటారు. అయినా ఆ పబ్లిక్ ఐ వాళ్ళు మర్యాద మరిచి, ఘానా రాజధాని అక్రా గాలిని ఒక కంటైనర్‌లో పట్టి, ఓడెక్కించి, వేలమంది సంతకాలతో జెనీవాకు తెచ్చి వ్యాపారుల గుమ్మం ముందు దించారు. ఆ మరుసటి ఏడు ఘానా 3,000ను 50కి దించేసింది. నా బాధల్లా ఒకటే. ఆ కంటైనర్ నాలుగేళ్ళు ముందొచ్చేసింది. 2020 తర్వాత వచ్చి ఉంటే అక్రా గాలికీ ఒక రేటు, ఒక రసీదు దొరికేవి.

ఇక కోకో. ఇక్కడ ఘానావాళ్ళ కృతఘ్నత నన్ను మరీ బాధపెడుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన బాసెల్ మిషన్ క్రైస్తవ ప్రచారకులు 1828లో గోల్డ్ కోస్ట్‌లో, అంటే అప్పటి ఘానాలో, దిగి బైబిలు చెప్పారు, వడ్రంగం నేర్పారు, కమ్మరం నేర్పారు. కోకో మొక్కలు కూడా పెట్టి చూశారు, సరిగా పట్టలేదు. వాళ్ళ కార్ఖానాలో కమ్మరం నేర్చుకున్న టెటే క్వార్షీ ఫెర్నాండో పో దీవికి వెళ్ళి, 1879లో కోకో గింజలతో తిరిగొచ్చి మాంపోంగ్‌లో నాటాడు. అవి పట్టాయి. సరిగ్గా అదే 1879లో బెర్న్‌లో రొడోల్ఫ్ లింట్ అనే ఆయన చాక్లెట్‌ను గంటల తరబడి రుబ్బి మెత్తగా చేసే యంత్రం కనిపెట్టాడు. విధి ఎంత చక్కగా పని పంచిందో చూడండి. నాటడం వీళ్ళకి, నమలడం వాళ్ళకి. ఇంకో ముప్పై ఏళ్ళకు గోల్డ్ కోస్ట్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకో పండించే చోటయింది. ఇప్పుడు ఐవరీ కోస్ట్ తర్వాత రెండోది. స్విట్జర్లాండ్‌లో ఒక్క కోకో చెట్టు లేకపోయినా మనిషి ఏడాదికి దాదాపు 11 కిలోల చాక్లెట్ తిని ఈ సహకారాన్ని నిలబెడుతున్నాడు.

ఈ పంపకాన్ని చెడగొట్టడానికి 2020 ఫిబ్రవరిలో అప్పటి ఘానా అధ్యక్షుడు నానా అకుఫో-అడో బెర్న్‌కే వచ్చి, ఇకమీదట పచ్చి గింజలు అమ్ముకుని బతకదల్చుకోలేదని, కోకోను తమ దేశంలోనే చాక్లెట్ చేసుకుంటామని చెప్పారు. విందుకు పిలిచినవాళ్ళ ఇంట్లో కూర్చుని వడ్డించే గరిటె నాకివ్వండి అనడం ఏ ఊరి మర్యాదో! దానికి ముందు ఏడాదే ఘానా, ఐవరీ కోస్ట్ కలిసి, రైతు బతకడానికి టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని పట్టుబట్టాయి. కొనేవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, గింజ నాణ్యతకు అంతకుముందు కలిపి ఇచ్చే మొత్తాన్ని దించుకుంటూ పోయారు. ఒక చేయి ఇచ్చిన సంగతి రెండో చేతికి తెలియకూడదని పెద్దలు చెప్పారు కదా, రెండో చేయి తెలియకుండానే తీసేసుకుంది.

2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది. ఆ సీజన్ మొదట్లో ఘానా కోకో బోర్డు రైతుకు కట్టిన ధర టన్నుకు 48,000 సెడీలు, అప్పటి మారకంలో 3,000 డాలర్ల పైచిలుకు. ఇందులో స్విస్ వాళ్ళ తప్పు లేదు, నిజంగానే లేదు. పంటను ముందే ఒక ధరకు అమ్మేసుకుని కూర్చునేది ఆ బోర్డే. తోటల్లో తెగులు, సరిహద్దు దాటే దొంగ బస్తాలు, అప్పుల బోర్డు, ఇవన్నీ ఘానా సొంత ఘనకార్యాలు. దాత అన్ని పనులూ తనే చేయలేడు. కొన్ని స్థానిక యాజమాన్యానికి వదిలేయాలి. ఏలూరు జిల్లా కొబ్బరి తోటల్లో కోకో వేసిన మన రైతులకు ఈ కథ విప్పి చెప్పనక్కర్లేదు. 2025లో గింజలు కొనేవాళ్ళు ధర దించేస్తే వాళ్ళూ రోడ్డెక్కారు.

కోకో తోటల కింద బంగారం ఉండటం ఇంకో సౌకర్యం. గలామ్సే అని అక్కడ పిలిచే దొంగ తవ్వకాలు తోటల్ని గోతులు చేశాయి, ప్రా, ఒఫిన్ నదుల్ని బురదనీళ్ళు చేశాయి. ఘానా బంగారం దుబాయికి పోతుంది, మన దేశానికీ వస్తుంది, స్విట్జర్లాండ్‌కూ పోతుంది. లోకంలో పెద్ద బంగారు శుద్ధి కర్మాగారాల్లో కొన్ని స్విట్జర్లాండ్ దక్షిణాన టిచినోలో ఉన్నాయి. అక్కడ కరిగించాక బంగారానికి పుట్టిన ఊరు గుర్తుండదు. అక్షయ తృతీయ నాడు క్యూలో నిలబడే మనం ఈ పేరాను త్వరగా దాటేయడం ఆరోగ్యం.

నికరంగా ఇచ్చే సాయం సంగతీ చెప్పాలి. స్విట్జర్లాండ్ ఆర్థిక వ్యవహారాల శాఖకు ఘానా ప్రాధాన్య దేశం. ప్రభుత్వ లెక్కలు సరిగా రాయడం, పన్నులు బాగా వసూలు చేయడం అందులో ముఖ్య పాఠాలు. పన్నుల పాఠం చెప్పడానికి స్విట్జర్లాండ్‌ను మించిన గురువు ఎవరు? 1934లో చట్టం చేసి మరీ బ్యాంకు రహస్యాన్ని దశాబ్దాలు కాపాడిన దేశం. పన్ను ఏ గదిలో దాక్కుంటుందో ఆ గదులు అద్దెకిచ్చిన వాళ్ళకే బాగా తెలుస్తుంది. ఘానా ఆ పాఠాలు శ్రద్ధగానే విన్నది. అయినా 2022 డిసెంబర్‌లో విదేశీ అప్పుల్లో చాలా వాటికి చెల్లింపులు ఆపేసి, మరుసటి మేలో ఐఎంఎఫ్ దగ్గర 300 కోట్ల డాలర్ల ఏర్పాటు చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక అది పదిహేడోసారి. పదహారుసార్లు బాగుచేసిన మెకానిక్ దగ్గరికే పదిహేడోసారి బండి తీసుకెళ్ళే నమ్మకాన్ని భాగస్వామ్యం అంటారు.

దాతకు మాత్రం కష్టాలుండవా? 2024 డిసెంబర్‌లో స్విస్ పార్లమెంటు సైన్యానికి డబ్బు కావాలని మరుసటి ఏడాది అంతర్జాతీయ సహకారంలో 11 కోట్ల ఫ్రాంకులు కోసింది. మరుసటి నెలలోనే అల్బేనియా, బంగ్లాదేశ్, జాంబియాల్లో నడిపే కార్యక్రమాలను 2028 కల్లా ముగిస్తామని ప్రకటించారు. ఆ దేశం చుట్టూ జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా, లీక్టెన్‌స్టైన్. అందులో చివరిదానికి సైన్యమే లేదు. కానీ ఎప్పుడే పొరుగువాడు చాక్లెట్ కోసం ఎగబడతాడో తెలీదు.

సాయానికి డబ్బు తగ్గుతున్న ఈ రోజుల్లో డబ్బు పెద్దగా అక్కర్లేని కొత్త సహకార రంగాలు వెతకాలి. నా వంతుగా రెండు ప్రతిపాదనలు బెర్న్ పరిశీలనకు పంపుతున్నాను.

మొదటిది కరెంటు. ఘానాలో కరెంటు కోతలు ఎంత మామూలంటే వాటికి దుమ్‌సోర్ అని ముద్దు పేరు కూడా పెట్టుకున్నారు. కోత పడిన ప్రతి గంటా ఫ్యాను తిరగదు, ఫ్రిజ్ ఆగిపోతుంది, కుట్టుమిషన్ మూలన కూర్చుంటుంది. ఇంత కాలుష్యం తగ్గుతుంటే ఒక్క టన్ను కూడా ఎవరి పద్దులోనూ పడకుండా వృథా అవుతోంది. పొయ్యిలాగా ఏదీ పంచనక్కర్లేదు, చీకటి అక్కడ సిద్ధంగా ఉంది. జనరేటర్లు వేసుకునేవాళ్ళ పొగ అంటారా, దాన్ని ఘానా పద్దులోనే ఉంచేద్దాం.

రెండోది చక్కెర. ఏడాదికి 11 కిలోల చాక్లెట్ తినే ప్రజల పళ్ళు, నడుములు, గుండెలు ఏమవ్వాలి? ఇంకోపక్క జీవితమంతా కోకో కాయలు కొట్టి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి, ఒక్క చాక్లెట్ బిళ్ళ కూడా కొనుక్కోని రైతులు ఘానాలో బోలెడుమంది. వాళ్ళు తినని చక్కెరను శాస్త్రీయంగా తూచి, ఎవరి పద్దులోనూ లేని ఆ సంయమనాన్ని టిక్కెట్లుగా చేసి, స్విస్ ఆరోగ్య బీమా కంపెనీలకు అమ్మవచ్చు. రైతు మాత్రం ఒప్పందం ఉన్నంతకాలం చాక్లెట్ ముట్టకూడదు. పండక్కి పొరపాటున పిల్లలకు ఒకటి కొనిపెడితే ఆ మేరకు జరిమానా, అది గింజల డబ్బులో మినహాయించుకోవచ్చు. గ్రామానికి ఒక పర్యవేక్షకుడు, జిల్లాకు ఒక వర్క్‌షాపు, అక్రాలో ఏసీ హోటల్లో ఏటా ఒక సమీక్ష సదస్సు. సదస్సులో టీతో పాటు చాక్లెట్ ఉంటుంది.

కావలసిన నిపుణుల కోసం టెండర్ ప్రకటన బెర్న్‌లో మాత్రమే వేయాలి. అక్రాలో వేస్తే అర్హత ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టే ప్రమాదం ఉంది.